పెద్దనాయన ప్రార్థన, మా ఆమేన్

బీదర్
జూన్

తమ్ముడు నోయల్‌కు,

ప్రభువు నామంలో వందనాలు. ఈ మాట రాయకపోతే చెయ్యి ముందుకు కదలడం లేదు, ఏం చెయ్యను? అలవాటు. ఈ ఉత్తరం కూడా అలవాట్ల గురించే, ఓపిక పట్టు.

నీ వ్యక్తిత్వ వికాసం క్లాసుల పోస్టర్ చూశాను. చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, పక్కన ‘మీ వెన్నెముకే మీ విజయం’ అని రాయించుకున్నావు. ఇస్త్రీ చొక్కా బాగుంది. ఆదివారం బడిలో వాక్యం మరిచిపోయి నా వెనక దాక్కున్నవాడి వెన్నెముక అది. పుణె వాళ్లకు ఆ సంగతి తెలియదు కాబట్టి ఫీజు కడుతున్నారు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నా ఫోన్ మోగితే పక్క గదిలో శోభ వదిన టీవీ సౌండు తగ్గిస్తుంది. పైగా ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాటా పూర్తి చేయనివ్వవు. కాగితం మధ్యలో అడ్డుతగలదు.

సంగతి ఏమిటంటే, పెద్దమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. ఇంకా చాలా నెలలు మంచమే అన్నారు. లేపాలి, కూర్చోబెట్టాలి, అన్నీ మంచం మీదే. దానికి ఇంట్లో మీటింగు పెట్టారు. కన్నకొడుకు నథానియేలన్నకు మొబైల్ షాపు ఉంది, కాబట్టి కుదరదు. శోభ వదినకు బీపీ, బరువులు ఎత్తొద్దన్నారట. మొన్ననే గ్యాస్ సిలిండరును వాకిలి నుంచి వంటింటి దాకా దొర్లించుకుపోవడం నేను చూశాను, కానీ సిలిండరుకు తుంటి విరగలేదు కదా, దాని లెక్క వేరు. ఇక మిగిలింది ఎవరు? కొల్హార్‌లో మందుల కంపెనీలో మాత్రల డబ్బాలు చెక్ చేసుకునే దీనా.

“మనింట్ల మనిషి చూసుకుంటేనే మంచిగుంటది బిడ్డా. బయటి మనిషిని పెడితె సంఘంల నలుగురేమంటరు? నీకు పెళ్లా, పిల్లలా? కంపెనీ పని బంద్ చెయ్యి” అన్నాడు పెద్దనాయన.

సరిగ్గా ఆ వారమే మా మేనేజర్ సిద్ధప్ప గారు నన్ను పిలిచి ప్యాకింగ్ లైన్‌కు ఇన్‌చార్జిగా ఉంటావా అని అడిగారు. జూలై ఆఖరులోగా జవాబు చెప్పాలి. ఇన్నేళ్లు నిలబడి చేసిన పనికి మొదటిసారి ఒక కుర్చీ చూపించారు. నాకు ఆ కుర్చీ కావాలి నోయల్. సిగ్గు లేకుండా రాస్తున్నాను, చాలా కావాలి.

అది చెబుదామని నోరు తెరిచాను. పెద్దనాయన చెయ్యి పైకెత్తి “ప్రార్థన చేసుకుందాం” అన్నాడు.

అంతే. నేను లేచాను, చేతులు జోడించాను, తల వంచాను, కళ్లు మూసుకున్నాను. ఎవరు లేపారో, ఎవరు వంచారో నాకు తెలియదు. చిన్నప్పుడు సాయంకాల ప్రార్థనలో కన్ను తెరిస్తే పడే మొట్టికాయ గుర్తుందా? ఈ తల దాన్ని ఇంకా మరిచిపోలేదు. ఆయన మొదలుపెట్టాడు:

“ప్రేమగల తండ్రీ, నీ దాసురాలైన దీనా తన ఉద్యోగమును విడిచి, పెద్దమ్మకు పరిచర్య చేయుటకు హృదయపూర్వకముగా ఒప్పుకొన్నందుకు నీకు స్తోత్రములు...”

నేను ఒప్పుకున్నట్టు నాకే తెలియదు, పరలోకానికి మాత్రం కబురు చేరిపోయింది. చివర అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను!

తర్వాత గదికి వెళ్లి దిండులో మొహం పెట్టి ఏడ్చాను. ఏం లాభం? “దేవుని ముందట ఆమేన్ అన్నంక మాట తప్పుడు ఉండది” అన్నది ఆయన పెట్టిన రూలే. నిన్ను కామర్సులో చేర్పించింది అట్లాగే, నథానియేలన్న పెళ్లి హుమ్నాబాద్‌లో చేసింది అట్లాగే. మన మేకను అమ్మింది కూడా అట్లాగే. మేక ఒక్కటే ఆమేన్ అనలేదు.

నువ్వు వెన్నెముకల డాక్టరువి కదా, ఏదైనా మందు ఉంటే రాయి.

నీ అక్క
దీనా

---

పుణె
జూన్ చివర

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం నిటారుగా కూర్చుని చదివాను. మా క్లాసులో మొదట చెప్పేదే ఇది: శరీరం ముందు, మనసు తర్వాత. మెడ వంగితే ధైర్యం జారిపోతుంది. భుజాలు వెనక్కి వెళ్తే భయం కూడా వెనక్కి వెళ్తుంది. నీ సమస్య పెద్దనాయన కాదక్కా, నీ నిలబడే తీరు.

నవ్వకు. నేను చెప్పినట్టు చెయ్యి. మీటింగుకు ముందు అద్దం ఎదుట కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులూ నడుం మీద ఉంచి కాసేపు నిలబడు. ఛాతీ ముందుకు, గడ్డం పైకి. లోపల్నుంచి ఒక శక్తి వస్తుంది. అదే భంగిమలో పెద్దనాయన ముందుకు వెళ్లు. కళ్లలోకి చూడటానికి భయమైతే కనుబొమ్మల మధ్య చూడు, ఎదుటివాళ్లకు తేడా తెలియదు. గొంతు పొట్టలోంచి రావాలి. ‘నేను ఉద్యోగం మానను’ అని మూడే మాటలు చెప్పి ఆగిపో. మా దగ్గరికి బీమా పాలసీలు అమ్మే పిల్లలు పిల్లుల్లా వస్తారు, పులుల్లా వెళ్తారు.

నువ్వు ఆ కుర్చీలో కూర్చోవాలి. దానికి నా పూర్తి మద్దతు ఉంది.

అన్నట్టు, ఆదివారం పెద్దనాయన నాకూ ఫోన్ చేశాడు. ఊరికే క్షేమం కనుక్కోవడానికే. నెట్‌వర్క్ బాగాలేదు, ఎక్కువ మాట్లాడలేదు.

నీ తమ్ముడు
నోయల్

---

బీదర్
జూలై

పులుల మేస్త్రీ నోయల్‌కు,

వందనాలు. నీ మందు వాడాను. రోగం పెరిగింది.

అద్దం ఎదుట నువ్వు చెప్పినట్టే నిలబడ్డాను. లోపల్నుంచి శక్తి వస్తుందేమోనని చూస్తుంటే కిటికీలోంచి శోభ వదిన తొంగిచూసింది. “ఏందే దీనా, చీర కొత్తదా?” అని అడిగింది. శక్తి అక్కడే సగం పోయింది. మిగతా సగంతో మీటింగుకు వెళ్లి, పెద్దనాయన కుర్చీ ఎదుట కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు నడుం మీద ఉంచి, ఆయన కనుబొమ్మల మధ్య చూశాను.

ఆయన నుదురు తడుముకున్నాడు. “ఏమన్న అంటుకుందా బిడ్డా?” అన్నాడు. తర్వాత నన్ను కిందికీ పైకీ చూసి, “గట్లెందుకు నిలబడ్డవ్? నడుం నొస్తుందా?” అన్నాడు.

నేను పొట్టలోంచి గొంతు తెచ్చేలోపే “ప్రార్థన చేసుకుందాం” అన్నాడు. నా చేతులు నడుం మీది నుంచి వాటంతటవే దిగి ఒకదానికొకటి అంటుకున్నాయి. నా నడుం నొప్పి కోసం ఎంత భారంగా ప్రార్థించాడనుకున్నావు! ‘ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి నీ దాసురాలి నడుము శిథిలమైనది ప్రభువా, ఆమెను ఇంటిపట్టున ఉంచి స్వస్థపరచుము’ అని. ఆమేన్. నేనూ అన్నాను. వదిన నూనె సీసా కూడా ఇచ్చింది. నీ శిక్షణతో నాకు ఉద్యోగం మానడానికి రెండో కారణం కూడా దొరికింది, సంతోషమేనా?

కోపం ఆయన మీద కాదురా, నా మీద. అమ్మానాన్న పోయినప్పుడు మనిద్దరి తలల మీద చెయ్యి పెట్టి ప్రార్థించిన గొంతు అదే. అది వినగానే ఆకలిగా, భయంగా ఆయన లుంగీ పట్టుకుని నిలబడిన పిల్లనైపోతాను. ఆయన నన్ను పెంచాడు. ఆ కృతజ్ఞత ఉంది, ఉండాలి. కానీ అది నా మెడలోనే ఎందుకు కాపురం పెట్టిందో నాకు అర్థం కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను, కూర్చుని చదువు. నిటారుగా అక్కర్లేదు.

పెద్దమ్మకు తల దువ్వుతుంటే ఆమె చిన్నగా చెప్పింది: “మంచంల పడ్డకాన్నుంచి నేను కండ్లు మూస్తలేనే. పండుకున్నదాన్ని ఎవ్వరు చూస్తరు? మస్తు తమాషా ఉంటది. మీ అన్న బైబిల్ చాటుకు ఫోన్ చూస్తడు. మీ పెద్దనాయన ఒక కన్ను తెరిచి ఎవరు తల వంచిన్రో, ఎవరు వంచలేదో చూస్తడు.”

ఇన్నేళ్లూ మొట్టికాయలు సరిగ్గా మన తలల మీదే ఎట్లా పడ్డాయో ఇప్పుడు తెలిసింది.

ఇంకో మాట కూడా చెప్పింది. “నోయల్ గుడ ఆమేన్ అన్నడు గదనే. మీ పెద్దనాయన స్పీకర్ పెట్టిండు.”

నెట్‌వర్క్ బాగాలేదా నాయనా? నా ఉద్యోగం పోవడానికి స్తోత్రాలు చెల్లిస్తే, నీ ఆమేన్ పుణె నుంచి బీదర్ దాకా ఖంగుమని వినిపించిందట. ‘పూర్తి మద్దతు’ అని రాశావు. ఎవరికో నేను అడగలేదు, తప్పు నాదే.

నా పక్షాన ఈ ఇంట్లో ఉన్నది లేవలేని మనిషి ఒక్కతే. “నన్ను లేపెటందుకు నాకు కొడుకున్నడు. నువ్వు నీ డూటీకి పో” అంటుంది పెద్దమ్మ. ఆమెను మీటింగుకు ఎవరు పిలుస్తారు? మీటింగు ఆమె గురించే కదా.

దీనా

---

పుణె
జూలై

అక్కా,

వందనాలు. పోస్టర్ తీసేయమని చెప్పాను.

ఆ రోజు ఏం జరిగిందో రాస్తాను, తిట్టుకుంటూ చదువు. క్లాసు మధ్యలో ఉన్నాను. బీమా పిల్లల ముందు కాళ్లు ఎడంగా పెట్టి, ఛాతీ విరిచి, ‘ఎవరి ముందూ తల వంచొద్దు’ అని చెబుతున్నాను. ఫోన్ మోగింది. పెద్దనాయన పేరు చూసి ఎత్తాను. “నోయల్ బిడ్డా, అక్క గురించి ప్రార్థన చేసుకుందాం” అన్నాడు. తల వంగిపోయింది, కళ్లు మూసుకుపోయాయి. ఆయన ఏం ప్రార్థించాడో సగం వినలేదు కూడా. ఆమేన్ అని కళ్లు తెరిచి చూస్తే క్లాసంతా తలలు వంచి నిలబడి ఉంది! మరాఠీ పిల్లలు, ఒక్కరికీ తెలుగు రాదు. నా ఆమేన్ వినగానే వాళ్లూ ఏదో గొణిగారు. అది కూడా శిక్షణలో భాగమనుకున్నారట. ఒకడు నోట్సు రాసుకున్నాడు.

నీ ఉత్తరం చదివాక ఆ ఆమేన్ వెనక్కి తీసుకుంటానని చెప్పడానికి పెద్దనాయనకు ఫోన్ చేశాను. “సంతోషం బిడ్డా, మొదలు ప్రార్థన చేసుకుందాం” అన్నాడు. ఇంకో ఆమేన్ అయిపోయింది. ఇక నన్ను ఫోన్ చేయమని అడగకు, నీకే ప్రమాదం.

అబద్ధం రాసినందుకు క్షమించు. భయపడ్డాను. నీకు కాదు, నా చొక్కాకు. ఇంత ఇస్త్రీ చేసి లోపల ఏమీ లేదని నీకు తెలిసిపోతుందని.

ఒక్కటి మాత్రం ఆ క్లాసులో చూశాను, అది నా పుస్తకంలో లేదు. ఆ పిల్లలకు పెద్దనాయన ఎవరో తెలియదు. ఆయన గొంతు వినలేదు, మొట్టికాయ తినలేదు. ముందు నిలబడినవాడు తల వంచాడు కాబట్టి వంచారు. మనం అదంతా ఆయన గొంతు మహిమ అనుకున్నాం. ముందు ఎవరు మొదలుపెడితే మిగతావాళ్లు వాళ్ల వెంట పోతారంతే.

దీనితో ఏం చేయాలో నాకు తెలియదు. నేను ట్రైనర్‌ను మాత్రమే.

నీ
నోయల్

---

బీదర్
ఆగస్టు

నోయల్‌కు,

వందనాలు. ఈసారి అలవాటు కొద్దీ కాదు, మనసారా రాస్తున్నాను.

నీ ఉత్తరంలో ఆఖరి ముక్క నన్ను పట్టుకుంది. సిద్ధప్ప గారికి జవాబు చెప్పాల్సిన గడువుకు ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక ఇంట్లో మీటింగు. మీటింగంటే ఏముంది, నా రాజీనామా కాగితం మీద సంతకానికి పెన్ను వెతకడమే. నథానియేలన్న తానే టైపు చేయించి తెచ్చాడు పాపం. తల్లి కోసం ఆయన చేసిన మొదటి సేవ అదే.

పెద్దమ్మను మనం చూడకుండా ఆమె గురించి మాట్లాడటం మంచిగ లేదు, ఆమె మంచం దగ్గరే కూర్చుందామని నేనే అన్నాను. అందరూ ఆ గదిలోకి వచ్చారు. పెద్దనాయన గొంతు సవరించుకున్నాడు. చెయ్యి ఇంకా పైకి లేవలేదు. నా భుజాలు వంగే ఉన్నాయి, ఛాతీ ముందుకు రాలేదు, నీ శిక్షణ ఒక్కటీ గుర్తు రాలేదు. అట్లా వంగిన మెడతోనే అన్నాను:

“ప్రార్థన చేసుకుందాం.”

నోయల్, అందరూ లేచారు! అన్న లేచాడు, బీపీ ఉన్న వదిన అందరికంటే ముందు లేచింది. పెద్దనాయన కూడా లేచాడురా. చేతులు జోడించి, తెల్లజుట్టు తల వంచి నా ముందు నిలబడ్డాడు. ఆయన దగ్గర నేర్చుకున్న భాషంతా వరదలా వచ్చేసింది.

“కృపగల తండ్రీ, నీ దాసుడైన నథానియేలు తన కన్నతల్లిని రాత్రులు తానే చూచుకొనుటకు హృదయపూర్వకముగా సిద్ధపడినందుకు స్తోత్రములు. పగటివేళ ఒక ఆయాను కుదుర్చుటకు నీ దాసుడైన మా పెద్దనాయన జయానందం గారికి నీవిచ్చిన విశాల హృదయమును బట్టి స్తోత్రములు. సెలవు దినమున నేను చేయు పరిచర్యను అంగీకరించుము. నీ కుమార్తెయైన దీనా ఇన్‌చార్జిగా చేయబోవు పనిని ఆశీర్వదించుము. వీటిలో ఒక్క మాటనైనను నేల పడనీయక నెరవేర్చుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ.”

“ఆమేన్” అన్నారు. అందరికంటే గట్టిగా పెద్దనాయన. జీవితమంతా అందరికంటే గట్టిగా అన్న గొంతు కదా, ఆపుకోలేకపోయింది.

తర్వాత కళ్లు తెరిచాడు. “ఇదేం ప్రార్థననే? నేనెప్పుడు ఒప్పుకున్న?”

మంచం మీద నుంచి పెద్దమ్మ అంది: “ఇప్పుడే గద ఆమేన్ అన్నరు. అందరి నోర్లు నేను చూసిన.”

“నువ్వు కండ్లు మూసుకోలేదా?”

“మూసుకుంటె ఎట్ల చూస్త?”

అన్న “అమ్మా, రాత్రి నాకు నిద్ర...” అని ఏదో మొదలుపెట్టాడు. పెద్దమ్మ “దేవుని ముందట అన్నంక మాట తప్పుడు ఉండది బిడ్డా. మీ నాయననే అడుగు” అంది. ఆయన్ను ఎవరూ అడగలేదు. అది ఆయన మాటే కదా.

అందరూ వెళ్లిపోయాక కుర్చీలో కూలబడి పెద్దనాయన నన్ను అడిగాడు: “నేను చేసిన ప్రార్థనలన్ని నీకు గిట్లనే వినవడ్డయా దీనా?”

నా మెడ మళ్లీ వంగింది. గెలిచినా వంగింది చూడు! “అన్ని కాదు పెద్దనాయనా. అమ్మానాన్న పోయిననాడు చేసింది గట్ల లేకుండె” అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేను ఆయనకు చాయ్ పెట్టి ఇచ్చాను.

మర్నాడు సిద్ధప్ప గారికి సరే అని చెప్పాను. రాత్రి పెద్దమ్మను లేపబోయి అన్న మూలిగిన మూలుగుకు ఇంటిల్లిపాదీ లేచింది. “నీకన్న సిలిండరు మోసెటోడే నయం, ఎత్తేటప్పుడు అరవడు” అందట పెద్దమ్మ.

నీ అక్క
దీనా

---

పుణె
ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం బస్టాపులో నిలబడి చదివాను. నీ ప్రార్థన చివరికి వచ్చేసరికి నాకు తెలియకుండానే గట్టిగా ఆమేన్ అనేశాను. పక్కాయన జరిగి నిలబడ్డాడు.

నేను ఫోన్లో అన్న రెండూ రద్దు. దీన్ని లెక్కలోకి తీసుకో.

నోయల్

---

బీదర్
అక్టోబర్

నోయల్‌కు,

వందనాలు. తీసుకున్నాను.

కుర్చీ బాగుంది. కొంచెం కిర్రుమంటుంది, అయినా నాదే. పెద్దమ్మ కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడుస్తోంది. అన్న వీపు వెనక్కి విరుచుకుని నడుస్తున్నాడు, నీ క్లాసుకు రాకుండానే భంగిమ కుదిరింది. పెద్దనాయన ఇప్పుడు ప్రార్థనకు ముందు “ఎవరికన్న ఏమన్న చెప్పేది ఉందా?” అని అడుగుతున్నాడు. అడుగుతూ నా వైపే అనుమానంగా చూస్తాడు.

ఇదంతా రాసి ముగిద్దామనుకున్నాను. కానీ మొన్న లైన్‌లో ఒకటి జరిగింది, నీకు కాక ఎవరికి చెప్పను?

రాచమ్మ అని మా లైన్‌లో డబ్బాలు మడిచే ఆమె, నాకంటే పెద్దది, నా దగ్గరికి వచ్చింది. ఆదివారం ఓవర్‌టైం వేశారు, కూతురికి జ్వరం, రాలేనని చెప్పబోయింది. నేను చెయ్యి పైకెత్తాను. తల కొంచెం పక్కకు వంచి, మెత్తగా అన్నాను: “రాచమ్మా, నువ్వు మంచిదానివి, కష్టమైనా వస్తవని నాకు తెలుసు.”

ఆమె చేతులు ముడుచుకుంది. తల వంచింది.

ఆ మెడను నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను నోయల్. అది నాదే. ఆ మెత్తటి గొంతు ఎవరిదో కూడా గుర్తుపట్టాను. ఆయన కుర్చీ ముందు నుంచి తప్పించుకున్నానని మురిసిపోతుంటే, ఆయన నా కుర్చీలో వచ్చి కూర్చున్నాడు.

లేచి నిలబడ్డాను. “రాచమ్మా, తల ఎత్తు. నేనన్నది మరిచిపో. నువ్వు చెప్పేది చెప్పు, తిట్టేదుంటే తిట్టు” అన్నాను.

ఆమె అనుమానంగా చూసింది. తర్వాత మొదలుపెట్టింది. ఓవర్‌టైం గురించి తిట్టింది, చెడిపోయిన ఫ్యాను గురించి తిట్టింది, ఇన్‌చార్జి అయినప్పటి నుంచి నా నడక మారిందని తిట్టింది. నీ శిక్షణ ఒక్క రోజు కూడా లేకుండా ఎంత బాగా తిట్టిందో! మెడ రెండుసార్లు వంగబోయింది, ఆపుకున్నాను.

ఆమె తిట్టినంతసేపూ కళ్లు తెరిచే ఉంచాను.

నీ అక్క
దీనా